నోరు మూయని ఆకు

ఆకుకు నోళ్ళుంటాయని మేడం చెప్పినప్పుడు మా ఆడవాళ్ళు నవ్వారు. మేడం నవ్వలేదు. కీర దోస ఆకును తీగ మీదే ఉంచి, బట్టలకు పెట్టే క్లిప్పు లాంటి పరికరంలో ఇరికించి, తెర మీద పెద్దది చేసి చూపించింది. నిజంగానే ఉన్నాయి. సన్నటి నోళ్ళు, లెక్కలేనన్ని. కొన్ని తెరుచుకుని, కొన్ని అరమూతగా.

పొద్దున వెలుతురు పడగానే అవి తెరుచుకుంటాయట. బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని, ఎండ సెగతో ఆకు తన చక్కెర తాను వండుకుంటుందట. ఎండ ఎక్కేకొద్దీ వంట జోరందుకుంటుంది. నడినెత్తికి వచ్చేసరికి ఒంట్లో నీళ్ళన్నీ ఆవిరైపోతాయని ఆకు నోరు మూసుకుంటుంది. వంట ఆగుతుంది. పొద్దు వాలాక మళ్ళీ తెరుస్తుంది గానీ పొద్దుటి జోరు రాదు. మేడం గదిలో తెర మీద ఇదంతా ఒక గీతలా కనిపించేది. పొద్దున గట్టు ఎక్కేది. మధ్యాహ్నం గుంతలోకి దిగేది. సాయంత్రం చిన్న మిట్ట ఎక్కి, చీకటి పడితే పడుకునేది.

ఆ గుంతను పూడ్చడమే మేడం పని. ఆమె పేరు డాక్టర్ మృణాళిని. ఊళ్ళో అందరూ ఆకుల మేడం అనేవారు.

కొండరాళ్ళ మీద నాచులో దొరికిన ఏదో సూక్ష్మజీవిని పెంచి, ఆమె ఒక మందు చేసింది. తెల్లవారుతూనే ఆకుల మీద కొడితే అది నోళ్ళలోకి దూరి, తలుపుకు రాయి అడ్డం పెట్టినట్టు ఉండిపోతుంది. ఇక ఆకు మధ్యాహ్నం నోరు మూయలేదు. పొద్దంతా వండుతూనే ఉంటుంది. మా ఆడవాళ్ళు దానికి మెలకువ మందు అని పేరు పెట్టారు.

ఆ మందుకు తగ్గట్టే కట్టారు ఆ పాలీహౌస్‌ను. పలమనేరు దాటాక, వాలుగా ఉండే నేల మీద. బయటి గాలి లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. గోడల వెంట చల్లనీళ్ళ గొట్టాలు. దేనికది కొలుచుకోవడానికి ప్లాస్టిక్ తెరలు దించి గదులుగా విడగొట్టారు. మందు కొట్టిన ఆకులు లోపలున్న బొగ్గుపులుసు గాలిని పొద్దెక్కకముందే తాగేసేవి. అందుకని సిలిండర్ల నుంచి గొట్టాల్లో ఆ గాలిని పంపేవాళ్ళు. ప్రతి సాలు వెంట, తీగల మొదట్లో, నేల మీద, బెజ్జాల గొట్టం పడి ఉండేది. సిలిండర్ల షెడ్డు నా పని. ఖాళీ అయినది విప్పడం, నిండినది బిగించడం. ఎంత వదలాలో మేడం గదిలోని కంప్యూటరు చూసుకునేది.

షీటుకు బెజ్జం పడకూడదు. మాకు మొదటి రోజు చెప్పిన మాట అది. గుండుసూది పడ్డంత కనిపించినా టేపు వేసేవాళ్ళం.

నా భార్య కన్నెమ్మ, సాలమ్మ, ఈశ్వరమ్మ లోపల పనిచేసేవారు. తీగలు దారాలకు చుట్టడం, కాయలు కోయడం. మధ్యాహ్నం సంగటి తిన్నాక కాసేపు నడుం వాల్చకపోతే వాళ్ళకు ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. బయట నడివేసవి కత్తిరి ఎండలు. రేకుల షెడ్డులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అందుకని లోపలే, పల్లంలో ఉన్న చివరి గదిలో, సాళ్ళ మధ్య గోనెలు పరుచుకుని పడుకుంటామన్నారు.

మేడం ఒప్పుకోలేదు. బొగ్గుపులుసు గాలి బరువైనదని, నీళ్ళలాగా పల్లానికి చేరుతుందని, వాసన ఉండదని, అది నిండిన చోట నిద్రపోతే నిద్రలోనే పోతారని చెప్పింది.

కన్నెమ్మ ఊరుకునే మనిషి కాదు. "మేమిడిసే గాలీ అదే గదా మేడం. ఇంట్లో అందరం ఒకే గదిలో పండుకుంటాం, ఒకరి గాలి ఒకరు పీలుస్తాం. ఇంకా ఎవురం చావలేదే."

మర్నాడు మధ్యాహ్నం మేడం మీటరు పట్టుకుని తానే వెళ్ళి చివరి గదిలో నేల మీద కూర్చుంది. తర్వాత గోనె మీద పడుకుంది. మీటరు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వదిలిన గాలిని వదిలినట్టే ఆకులు తాగేస్తున్నాయి. పైన ఫ్యాను తిరుగుతూ గాలిని కలుపుతోంది. లేచి చీర దులుపుకుని, పడుకోండి అంది. ఆకు తాగుతున్నంతసేపు మీకేం కాదు అని కూడా అంది.

ఆ మాటతో అందరం నిశ్చింతగా ఉన్నాం.

మొదటి నెల కాపు చూసి నేనే నమ్మలేదు. తీగకు ఆకుల కంటే కాయలే ఎక్కువ. గీతలో గుంత పోయింది. పొద్దున ఎక్కిన గీత సాయంత్రం దాకా దిగలేదు. మేడం ముఖంలో మొదటిసారి కళ కనిపించింది. ఒకసారి మా ఇంటికి వచ్చి, కన్నెమ్మ పెట్టిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని పోయింది. సంగటి నమలకూడదు, మింగాలి అని కన్నెమ్మ నేర్పింది. ముద్ద గొంతుకు అడ్డం పడి మేడం కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కన్నెమ్మ వీపు మీద చరిచి, ఇంత చదువు చదివినావు గానీ మింగేది రాకపాయ అని నవ్వింది. మేడం కూడా నవ్వింది.

తర్వాత ఆకుల అంచులు పసుపు తిరగడం మొదలైంది. మేడం ఎరువు మార్చింది. మళ్ళీ పచ్చబడ్డాయి, అయితే ముట్టుకుంటే కాగితంలా గరగరమనేవి. కన్నెమ్మకు అది నచ్చలేదు.

ఆమె పుట్టింటి అలవాటు ఒకటుంది. దీపం పెట్టాక చెట్టును తాకరు. కరివేపాకు రెబ్బ కావలసివచ్చినా చెట్టును మెల్లిగా తట్టి, లేపి, అడిగి తుంచుకుంటారు. నిద్రపోయే దాన్ని తుంచితే పాపమని. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట తప్పింది నేను చూడలేదు.

ఒక సాయంత్రం పొయ్యి మీద సంగటి గెలుకుతూ ఆమె ఆ ఆకుల మాటే ఎత్తింది. మనం గోనె పరుచుకుని గురకపెడుతుంటే, మన తల మీద అవి మాత్రం కళ్ళు తెరుచుకుని పనిచేస్తా ఉండాయే అంది. చూస్తా చూస్తా నిద్ర పట్టడం లేదంది. నేను పొయ్యిలోకి కట్టె తోశాను.

"ఇదో, నిన్నే. ఆ నల్ల వల ఉండాది గదా, మొలకలకు కప్పేది. రేపు మద్దేన్నం మా గదిలో తీగల మీదికి దాన్ని లాగుతా. మేం పండుకున్న అంతసేపన్నా అవీ కునుకు తీస్తాయి."

"మేడంను అడిగి లాగు."

"అడిగితే వద్దంటాది."

"అయితే లాగొద్దు."

ఆమె గెలికే కట్టెను కుండ అంచుకు కొట్టి, నీతో చెప్పినా చూడు అంది. లాగదనే అనుకున్నాను.

మర్నాడు పై అధికారులు ఇద్దరు వచ్చారు. మందును రైతులకు ఇవ్వాలా వద్దా అని తేల్చేది వాళ్ళే. మేడం పదేళ్ళ కష్టం ఆ పూట మీద నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. అధికారులకు పొద్దుటి గీత చూపించింది. వాళ్ళు తలలూపారు. మధ్యాహ్నం గుంత రాకుండా ఉంటే చాలు, సాయంత్రం సంతకం పెట్టి పోతామన్నారు.

ఆడవాళ్ళు సంగటి తిని లోపలికి పోయారు. నేను షెడ్డులో ఉన్నాను.

కాసేపటికి చివరి గదికి పోయే సిలిండరు చప్పుడు మారింది. మామూలుగా సన్నగా ఈల వేసినట్టుండేది. ఇప్పుడు బుస కొడుతోంది. దాని మెడ చుట్టూ తెల్లగా మంచు పట్టింది. బయట రాళ్ళు పగిలే ఎండ, ఇక్కడ ఇనుము మీద మంచు. గాలి ఎక్కువగా పోతున్నప్పుడు కొంచెం మంచు పట్టడం మామూలే. ఇంత ఎప్పుడూ పట్టలేదు. కంప్యూటరుకు ఏమైనా అయిందేమోనని మేడం గదికి వెళ్ళాను.

అధికారులిద్దరూ తెర ముందు వంగి ఉన్నారు. మేడం నిలబడి ఉంది. మిగతా గదుల గీతలన్నీ పైనే నిలిచి ఉన్నాయి. ఒక్క చివరి గది గీత గుంతలోకి జారిపోయి ఉంది. మామూలు గుంత కాదు, బావిలా ఉంది.

సిలిండరు బుసకొడుతోందని చెప్పాను. తనే పెంచానంది. ఆ గదిలో ఆకులు తాగడం మానేశాయి, గాలి చాలడం లేదేమోనని రెండుసార్లు పెంచాను, అయినా గీత లేవడం లేదంది. అధికారుల్లో లావుపాటాయన, మందు పని అయిపోయినట్టుందే అన్నాడు.

మేడం నా వైపు తిరిగింది. "ఆ గదిలో ఏమైనా మార్చారా తాతా?"

అధికారుల ముందు భార్య పేరు ఎత్తాలా అని ఒక క్షణం తడబడ్డాను. తర్వాత చెప్పాను. నల్ల వల లాగుతానని అన్నది, లాగిందేమో అన్నాను.

మేడం తెర వైపు చూసింది. వల వేస్తే ఎండ లేదు. ఎండ లేకపోతే నోరు తెరుచుకుని ఉన్నా ఆకు వండదు. వండకపోతే తాగదు. తాగకపోతే ఆ గాలి ఎక్కడికి పోయింది. ఇదంతా ఆమె చెప్పలేదు. ఆమె చూపు తెర మీది నుంచి నేల మీదికి దిగింది. నాకప్పుడు తెలిసింది.

"వాళ్ళు అక్కడే పడుకున్నారా?"

ఊఁ అన్నాను. ఆమె ఒక మీట నొక్కి గాలి ఆపేసి, చెప్పులు వదిలేసి పరుగెత్తింది. నేను వెనకాల పరుగెత్తాను.

గదులు ఒకటొకటే దాటుతుంటే తీగలు ముఖానికి కొట్టుకున్నాయి. చివరి తెర తీసేసరికి లోపల సందెవేళలా మసగ్గా ఉంది. తీగల మీద నల్ల వల పరిచి ఉంది. పైన ఫ్యాను తిరగడం లేదు. నీడలో దాని గాలికి చలేసిందట, ఆపేశారు. ఆ సంగతి సాలమ్మ తర్వాత చెప్పింది. సాలమ్మ తెర దగ్గర, మిట్టన, గోడకు చేరగిలబడి వాంతి చేసుకుంటోంది. ఈశ్వరమ్మ గోనె మీద వెల్లకిలా పడి ఉంది, ఎగశ్వాసగా ఉంది. కన్నెమ్మ అందరికంటే కింద, చివరి గోడ వారన, చెయ్యి తలకింద పెట్టుకుని ఒత్తిగిలి ఉంది. హాయిగా నిద్రపోతున్నట్టే ఉంది.

వెళ్ళి వంగాను. గోళీసోడా ముక్కులోకి ఎక్కినట్టు భగ్గుమంది. ఊపిరి లోపలికి పోలేదు. కళ్ళు తిరిగాయి. మేడం వెనక నుంచి నా చొక్కా పట్టుకుని పైకి లాగింది.

"వంగొద్దు తాతా. కింద గాలి లేదు."

మోకాలి ఎత్తున అది నిలబడి ఉంది, కంటికి కనపడకుండా. కన్నెమ్మ అందులో మునిగి ఉంది. మేడం ఈశ్వరమ్మ చేతులు పట్టుకుని మిట్టకు ఈడుస్తూ వల వైపు చూసింది. మళ్ళీ ఎండ పడినా ఆకులు తాగేదాకా ఆగలేం అని తనే అనుకుంటున్నట్టు అంది. మొలలోంచి కొడవలి తీసి నేను గోడ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళలాంటిదైతే పల్లానికి పోవాలి. పల్లం ఈ షీటు అవతలే ఉంది.

కొడవలి మొన షీటుకు ఆనించి ఆగాను. చెయ్యి దానంతట అదే ఆగింది. వెనక్కి తిరిగి చూశాను. అధికారులు తెర దగ్గర నిలబడి ఉన్నారు. మేడం వాళ్ళ వైపు చూడలేదు.

"కొయ్యి తాతా. కింద నుంచి కొయ్యి."

ఊపిరి బిగబట్టి, నేలకు ఆనించి, అడ్డంగా కోశాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా. పాదాల మీద చల్లగా ఏదో పారినట్టయింది. కన్నెమ్మ కాళ్ళు పట్టుకుని ఆ చీలికలోంచే బయటికి లాగాను. ఎర్రమట్టిలో, ఎండలో పడుకోబెట్టాను. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు.

మేడం మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల వెనక్కి వంచింది. ముక్కు మూసి నోట్లోకి ఊదమంది. తాను రొమ్ము మీద అదిమింది. ఊదాను. ఏమీ లేదు. మళ్ళీ ఊదాను. ఆమె నోట్లో ఇంకా సంగటి వాసన ఉంది. ఎన్నిసార్లు ఊదానో తెలియదు. మేడం చెమట నా మెడ మీద పడుతోంది. ఇంక వద్దేమో అనిపించింది, చెప్పలేదు. మేడం కూడా ఆపలేదు. అప్పుడు కన్నెమ్మ కడుపు ఎగిసి, దగ్గింది.

లావుపాటాయన దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, అప్పటికే అంబులెన్సుకు ఫోను చేశాడు. వస్తోంది, అరగంట పడుతుంది, ఈలోగా ఆ షీటు మూయించండి మేడం, వేడిగాలి లోపలికి కొడుతోంది, పంట అంతా పోతుంది అన్నాడు.

మేడం తలెత్తి చూసింది. కోసిన చోట షీటు పటపటా కొట్టుకుంటోంది. వడగాలి దూరుతోంది. దగ్గరున్న తీగల ఆకులు అప్పుడే తడిబట్టల్లా వేలాడుతున్నాయి. వేరే ఆకులైతే ఈపాటికి నోళ్ళు మూసుకుని నీళ్ళు దాచుకునేవి. ఇవి మూయలేవు. టేపు చుట్ట నా జేబులోనే ఉంది. అది ఆమెకూ తెలుసు.

"కారు వెనక తలుపు తెరువు తాతా" అంది.

ముగ్గురినీ ఎక్కించాం. ఆమే నడిపింది. దారి పొడుగునా నేను కన్నెమ్మ ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పలమనేరు వచ్చేదాకా మేడం ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

సాలమ్మ ఆ రాత్రే లేచి కూర్చుంది. ఈశ్వరమ్మ మర్నాటికి కోలుకుని, టీ అడిగింది. కన్నెమ్మ కళ్ళు తెరవలేదు. మెదడుకు కాసేపు గాలి అందలేదని, ప్రాణానికి భయం లేదు గానీ మనిషి ఎలా లేస్తుందో లేచాకే తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది.

సిలిండర్లు కట్టేయాలని ఒకసారి పాలీహౌస్‌కు వెళ్ళాను. పంటంతా నిలువునా పోయింది. పసుపు తిరగలేదు, రాలలేదు. పచ్చగా ఉన్న ఆకు ఉన్నట్టే వాడి, దారాలకు వేలాడుతోంది. కాయలు మెత్తబడి ముడతలు పడ్డాయి. మేడం సాలు మధ్యలో నేల మీద కూర్చుని, ఒక ఆకును పరికరంలో పెట్టి చూస్తోంది. నన్ను పిలిచి చూపించింది. నోళ్ళన్నీ తెరుచుకునే ఉన్నాయి.

"ఒక్కటి కూడా మూసుకోలేకపోయింది. నేను మూసుకోనివ్వలేదు" అంది.

నేను పక్కన కూర్చున్నాను. అధికారులు మందును కాదనలేదట. కూలీలు చెప్పకుండా వల వేయడం వల్ల ప్రమాదం జరిగిందని ఒప్పుకుంటే చాలన్నారట, మళ్ళీ పంట పెట్టడానికి అన్నీ ఇస్తామన్నారట. ఏం చెప్పారు మేడం అని అడిగాను. అక్కడ పడుకోవడానికి ఒప్పుకున్నది నేనే, మీటరు పెట్టి చూసి మరీ ఒప్పుకున్నాను అని చెప్పిందట. మనిషి కన్ను మూయకుండా కాపలా కాయాల్సిన ఆకును రైతు చేతికి ఇవ్వలేను అని కూడా చెప్పిందట. వాళ్ళు లేచి వెళ్ళిపోయారట.

పదేళ్ళ పని. కన్నెమ్మ ఇంకా లేవలేదు అన్నాను. ఆమె వెంటనే లేచి, పద అంది.

మేం వార్డులోకి వెళ్ళేసరికి కన్నెమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నర్సమ్మ గిన్నెలోంచి గంజి తాగిస్తోంది. మంచం కోడు పట్టుకున్నాను.

కాసేపటి క్రితమే లేచిందని, ఊరి పేరు, పెళ్ళి అయిన ఊరి పేరు సరిగ్గా చెప్పిందని నర్సమ్మ అంది. మేడం ముందుకు వంగింది.

"అవ్వా, నేనెవరో తెలుసా?"

కన్నెమ్మ ఆమె ముఖం చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి చెప్పింది.

"ఆకుల మేడం."

మేడం ముఖం విచ్చుకుంది. కళ్ళు తుడుచుకుని, నా భుజం పట్టి ముందుకు తోసింది. "మరి ఈయన?"

కన్నెమ్మ నన్ను చూసింది. తల నుంచి కాళ్ళ దాకా చూసింది. పనిలోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"చెంగప్ప" అంది.

నర్సమ్మ నవ్వి, జ్ఞాపకం బాగానే ఉందే, ఇంక దిగులు లేదు అంది. మేడం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్క మంచం ముసలామె మాత్రం నవ్వలేదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

పెళ్ళయిన నాటి నుంచి కన్నెమ్మ నా పేరు పలకలేదు. రేషను షాపులో అడిగినా, ఓటు దగ్గర అడిగినా, పక్కనున్న వాళ్ళను చెప్పమనేది. ఇదో అనేది, నిన్నే అనేది. ఒకసారి జ్వరంలో ఒళ్ళు తెలియక పలవరించినప్పుడు కూడా ఇదో అనే పిలిచింది.

మేడంకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె అప్పటికే చాలా పోగొట్టుకుంది.

మంచం పట్టె మీద కూర్చున్నాను. కన్నెమ్మ చెయ్యి చాపి, గూట్లో ఉన్న చెంబు వైపు చూపించింది.

"చెంగప్పా, నీళ్ళు."

లేచి వంచి ఇచ్చాను. ఆమె తాగి, మూతి తుడుచుకుని, చాలు నాయనా అంది.